సేనాముదం పెట్టిన వేలు

కొండలరావు ఇంటికి నేను వెళ్ళింది గురువారం. ముందు అది చెప్పాలి.

కొండలరావూ నేనూ నలభై ఏళ్ళు జంటగా కొబ్బరి దింపుకి వెళ్ళినవాళ్ళం. ఒకడు చెట్టెక్కితే ఇంకొకడు కింద కాయ పోగుచేసేవాడు. ఇప్పుడు ఇద్దరమూ ఎక్కలేం. నేను ఇంటి పక్కన గునపం పాతుకుని ఎవరైనా కాయ తెస్తే ఒలిచిపెడతాను. అతను అదీ మానేశాడు. ఆ వేళ పొద్దుటి నుంచి అతనికి వాంతులూ విరేచనాలూ అని తెలిసి వెళ్ళాను. కోడలు పనికి పోయింది. మనిషి మంచం మీంచి లేవలేకుండా ఉన్నాడు. భుజం కింద చెయ్యివేసి దొడ్లోకి తీసుకెళ్ళి తీసుకొచ్చాను. కక్కింది ఎత్తి పారబోశాను. లుంగీ మార్చాను. గాబులో నీళ్ళు ముంచి చేతుల మీద పోసుకుని తువ్వాలుకి తుడుచుకున్నాను.

“నువ్వేరా మనిషివి, బుల్లబ్బాయీ,” అన్నాడు కొండలరావు. “నోరెత్తకుండా చేసుకుపోతావు. ఇంకోడైతే ఈపాటికి ఊళ్ళో చాటింపేసేవోడు.”

ఆ మాట బాగుంది నాకు. ఇంటికొచ్చేదాకా అదే తలుచుకున్నాను.

శుక్రవారం పొద్దుటికి నాకూ కడుపులో మొదలయింది.

మా ఇంట్లో టైల్సు వేసిన బాత్రూం ఉంది. కొడుకూ కోడలూ కువైట్‌లో ఉన్నారు. వాళ్ళే కట్టించారు. అది వంటింటిని ఆనుకునే ఉంటుంది. బకెట్లో చెంబు తగిలినా వంటింట్లోకి వినపడుతుంది. పొద్దున్నించి నాలుగుసార్లు తలుపేసుకుంటే మా ఆడది మాణిక్యం అడగకుండా ఉండదు. అడిగితే పక్కింటికి చెప్పకుండా ఉండదు. డెబ్భై రెండేళ్ళొచ్చాయి, నా కడుపు సంగతి నేనెవరికీ చెప్పుకోలేదు. చెంబు పట్టుకుని తోటలోంచి బోదె కాలవ గట్టుకి పోయాను. ఆ వేళ ఐదుసార్లు పోయాను.

“ఇంట్లో అంత బాత్రూం పెట్టుకుని చెంబెట్టుకు ఊరేగుతాడేంటో ఈయన,” అని మాణిక్యం గోడవతల మనిషితో అంటోంది. “గాలి తగిలితే గాని రాదు కాబోలు.”

గోడవతలావిడ నవ్వింది. నేను చెంబు బోర్లించి గునపం దగ్గర కూర్చున్నాను.

మర్నాడు శనివారం మనవరాలు గాయత్రి బిడ్డతో ఇంటికొచ్చింది. అమలాపురంలో ఆపరేషన్ చేసి తీశారు బిడ్డని. మొగపిల్లాడు. ఆరో రోజు. గాయత్రిని దాని తల్లి కువైట్ వెళ్ళినప్పటి నుంచీ, అంటే దాని ఎనిమిదో ఏటి నుంచీ మాణిక్యమే పెంచింది. అందుకని పురుడు కూడా మా ఇంట్లోనే. దాని మొగుడు రాజేంద్ర లారీ డ్రైవరు. అంబాజీపేటలో కాయల లోడు ఎత్తుకుని నాగపూర్ వెళ్ళాడు.

ఆటో ఆగగానే మాణిక్యం గుమ్మం దగ్గర బకెట్టూ చెంబూ పెట్టింది. పురిటింటికి ఎవరొచ్చినా కాళ్ళు కడుక్కోందే లోపలికి రాకూడదు. గాయత్రి కడుక్కుంది. ఆటో అబ్బాయి సంచీ అందించడానికి కూడా కడుక్కున్నాడు. నేను మూడుసార్లు కడుక్కున్నాను. మడమలు రాయికేసి తోముకున్నాను. మైల ఏదైనా ఉంటే కాళ్ళతో పోతుందనే నా మనసులో.

వాళ్ళ వెనకే ఆశా కార్యకర్త రత్నమాల వచ్చింది. ఊళ్ళో పుట్టిన ప్రతి పిల్లనీ ఆవిడ తూస్తుంది. భుజానికి సంచీ, అందులో గుడ్డ ఉయ్యాల కట్టిన కాటా, జ్వరం చూసే పుల్ల. రాగానే సంచీ దింపి, సబ్బు తీసి, కుళాయి కింద మోచేతుల దాకా కడుక్కుంది. గోళ్ళ సందులు కూడా.

“ఆవిడ పెళ్ళికెళ్తున్నట్టు తయారవుతోంది చూడండి,” అంది మాణిక్యం.

“ఆయ్, పెళ్ళేనండి,” అంది రత్నమాల. “రెండు కిలోల ఏడొందల పెళ్ళికొడుకు. మామ్మగారూ, రెండే రెండు మాటలు. చేతులు ఇలా సబ్బుతో కడక్కుండా బాబుని ఎవరూ ముట్టుకోకూడదు. తల్లిపాలు తప్ప ఇంకేదీ నోట్లో పడకూడదు. తేనొద్దు, నీళ్ళొద్దు, ఆముదమొద్దు. ఎవరికైనా జలుబు గాని, విరేచనాలు గాని ఉంటే ఆ గదిలోకి రావద్దండి. పసిపిల్లలకి ఒక్క పూట చాలండి, వడిలిపోతారు.”

నేను అరుగు మీదే ఉన్నాను. విన్నాను. ఆవిడ గులాబీ రంగు సబ్బు ఒకటి మాణిక్యం చేతికిచ్చింది. రత్నమాల అటు వెళ్ళగానే మాణిక్యం దాన్ని వాసన చూసి, కాగితం విప్పకుండానే బీరువాలో పట్టుచీరల మధ్యన పెట్టింది.

తర్వాత ఆముదం తీసింది.

పుట్టిన బిడ్డకి సేనాముదం పెట్టడం మా ఇళ్ళల్లో ఉంది. పెద్దవాళ్ళెవరో ఒకరు వేలు ఆముదంలో ముంచి బిడ్డ నాలిక్కి రాస్తారు. ఎవరు రాస్తే వాళ్ళ బుద్ధులొస్తాయని నమ్మకం. ఆస్పత్రిలో నర్సులు పడనివ్వలేదు. అందుకని ఆ పని ఇంటికొచ్చేదాకా ఆగింది.

“మీ తాతే పెట్టాలి,” అంది మాణిక్యం గాయత్రితో. “మీ మావగారి నోరు చూసేవు కదా. ఆయన మంచినీళ్ళడిగితే రాజోల్లో కుక్కలు లేస్తాయి. పిల్లోడు ఆ పోలిక పోకుండా మీ తాత పోలిక రావాలి. ఒకళ్ళ జోలికెళ్ళడు, ఒక మాట తూలడు.”

ఫోను గోడకానించి పెట్టారు. అందులో రాజేంద్ర లారీ పక్కన నిలబడి కనపడుతున్నాడు. “తాతగారూ, మీరే పెట్టండి. మా నాన్నకి చెప్పకండి,” అని నవ్వుతున్నాడు.

“నేనొద్దులే,” అన్నాను.

“ఏం?”

“చెయ్యి గరుకు.”

“గరుకు చెయ్యే కావాలి. మెత్తటి చేతులోళ్ళు ఏం చేసేరు,” అంది మాణిక్యం.

“వద్దులే,” అన్నాను మళ్ళీ. సిగ్గుపడుతున్నాననుకుని అందరూ నవ్వారు. సిగ్గే అది. కాని వాళ్ళనుకున్న సిగ్గు కాదు. గంట క్రితం బోదె గట్టు నుంచి వచ్చాను. నాకు బాగోలేదు అంటే చాలు. ఆడవాళ్ళ ముందు, ఫోనులో మనవరాలి మొగుడి ముందు, ఆ మాట అనలేకపోయాను. చేతులు కడుక్కొస్తానని చెంబెడు నీళ్ళు పోసుకున్నాను. సబ్బు బీరువాలో ఉంది. కొబ్బరి డొక్క ఒలిచిన చెయ్యి, గోళ్ళ నిండా ఆ పసరు నలుపే. అది ఎలాగూ పోదనుకున్నాను.

చూపుడువేలు ఆముదంలో ముంచి వాడి నోట్లో పెట్టాను. పళ్ళు లేని చిగుళ్ళతో గట్టిగా పట్టుకున్నాడు. అంత చిన్న నోట్లో అంత పట్టు ఉంటుందని నాకు తెలీదు. వేలు వెనక్కి తీసుకోబోతే వదల్లేదు.

“చూశారా, తాతని వదలనంటున్నాడు,” అంది గాయత్రి.

ఆదివారం సాయంత్రానికి వాడి గుడ్డలు తడిసి పచ్చగా, నీళ్ళు నీళ్ళుగా వచ్చాయి. కొత్త పాలు కదా, అలాగే ఉంటుందిలే అంది మాణిక్యం. సోమవారం పొద్దుటికి వాడు ఏడవడం మానేశాడు. రొమ్ము నోటికిస్తే రెండు గుక్కలు తాగి నిద్రపోతున్నాడు. నేను గునపం దగ్గర కూర్చుని వాడి ఏడుపు కోసం వింటున్నాను. రాలేదు. అప్పుడైనా లేచి చెప్పొచ్చు. కాయ తీసుకుని గునపానికేసి కొట్టాను.

తొమ్మిదింటికి రత్నమాల తనంతట తనే వచ్చింది. చేతులు కడుక్కుని, బిడ్డ మాడు మీద వేళ్ళు ఆనించి చూసింది. మాడు లోపలికి దిగి ఉంది.

“ఎన్నింటికి ఒంటికి పోసేడమ్మా ఆఖరిసారి?”

గాయత్రి ఆలోచించింది. దానికి గుర్తు రాలేదు.

“ఆటోని పిలవండి. అమలాపురం. ఇప్పుడే, చీరలూ అవీ మార్చుకోకండి,” అంది రత్నమాల. తర్వాత మాణిక్యం వైపు తిరిగింది. “మామ్మగారూ, ఇంట్లో ఎవరికైనా విరేచనాలున్నాయాండి?”

“మా ఇంట్లోనా? మా ఇంట్లో ఎవరికీ లేవు,” అంది మాణిక్యం. భయంతో ఆవిడ గొంతు పైకి లేచింది. “నువ్వే శుక్రవారం కొండలరావింటికి ఓఆర్ఎస్ పొట్లాలు పట్టుకెళ్ళేవంట! ఊళ్ళో రోగాలన్నీ తొక్కుకుంటా వచ్చి మా బిడ్డని ముట్టుకున్నావు. ఇంకెవరు తెస్తారమ్మా మా ఇంటికి?”

“నేను చేతులు కడక్కుండా ఏ బిడ్డనీ ముట్టుకోనండి. మీ ముందే కదా కడుక్కున్నాను.”

“కడిగితే పోతాయేంటి? ఇంక రాకు మా గుమ్మంలోకి.”

రత్నమాల ఒక్కసారి నా వైపు చూసింది. సాయం మాటకోసం చూసిందనుకుంటాను. నేను ఆటో ఎక్కడిదాకా వచ్చిందో చూడడానికన్నట్టు వీధిలోకి తల తిప్పాను. ఆవిడ సంచీ భుజానికేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీని మాణిక్యం వాకిట్లోకి లాగి రెండు బకెట్ల నీళ్ళు పోసి కడిగింది.

ఆ నీళ్ళు నా కాళ్ళ కిందనుంచే పారాయి.

పిల్లల ఆస్పత్రిలో వాడి చేతిలో సూదికి నరం ఎక్కడా దొరకలేదు. ఆఖరికి తలకి పెట్టారు. డాక్టరమ్మ చిన్నావిడ, గాయత్రి కంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. రాసుకుంటూ అడిగింది.

“ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు ఉన్నాయా? బాబుని ఎత్తుకున్నవాళ్ళకి?”

“లేవండి,” అంది మాణిక్యం.

“తల్లిపాలు కాకుండా ఏమైనా పెట్టేరా?”

మాణిక్యం గాయత్రి వైపు చూసింది. గాయత్రి నేల వైపు చూసింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. “లేదండి,” అంది మాణిక్యం.

డాక్టరమ్మ నాకేసి చూడలేదు. ముసలివాణ్ణి ఎవరడుగుతారు. అడగలేదు కదా అని ఆ క్షణాన నాకు ఊపిరాడింది. ఇంతకంటే సిగ్గుమాలిన ఊపిరి నా బతుకులో తీసుకోలేదు.

“పాలు మానకండి,” అందావిడ. “తాగలేకపోతే పిండి చెంచాతో పట్టండి. వాడికి సెలైన్ ఎంతో మీ పాలూ అంతే. ఈ రెండు రోజులూ గడవాలి.”

ఆ రోజు ఎలాగో గడిచింది. మంగళవారం మధ్యాహ్నం మాణిక్యం మంచం పక్కన కూర్చుని గాయత్రితో గుసగుసగా అంటోంది. “నీ పాలు పడలేదే వాడికి. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎవరో మామిడిపండు ముక్క ఇస్తే తిన్నానన్నావు చూడు. పచ్చి బాలింతవి. పాలు చెడిపోయేయి. డాక్టర్లకేం తెలుసు.” ఆవిడ సంచీలో తువ్వాలు కింద పాలడబ్బా ఉంది. కింద షాపులో తెచ్చింది. అయినవిల్లి వినాయకుడికి నూటొక్క కాయ మొక్కుకుంది కూడా. ఆవిడ చెడ్డ మనిషి కాదు. బిడ్డ పోతాడేమోనని ఎక్కడ ఏది దొరికితే అది పట్టుకుంటోంది.

“ఒక్క ముక్కే తిన్నాను మామ్మా,” అంది గాయత్రి.

“ముక్క చాలు.”

గాయత్రి లేచింది. కుట్లు నొప్పి పెడుతుంటే గోడ పట్టుకుని, గది మూలనున్న బేసిన్ దగ్గరికి నడిచింది. అటు తిరిగి నిలబడి పాలు పిండి బేసిన్‌లో వదిలేస్తోంది. దాని వీపు కదులుతోంది. శబ్దం రాకుండా ఏడుస్తోంది. శబ్దం రాకుండా ఏడవడం అది చిన్నప్పుడు మా ఇంట్లోనే నేర్చుకుంది, నన్ను చూసి. దాని తల్లి విమానం ఎక్కిన రోజున దాన్ని నా పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్క మాట చెప్పకుండా కాయలు ఒలిచాను నేను.

కుళాయి నీళ్ళు తిప్పింది. తెల్లగా కలిసి పోయాయి.

“పారబొయ్యకు,” అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆ గదిలో నాలుగు మంచాలున్నాయి. అందరూ చూశారు.

“నీ పాలకేం కాలేదమ్మా. నాకు విరేచనాలు. శుక్రవారం నుంచి. కొండలరావుకి కడిగి వచ్చేను, నాకంటుకుంది. ఆ చేత్తోనే వాడి నోట్లో వేలు పెట్టేను.”

పక్కమంచం దగ్గర ఒకావిడ బిడ్డని ఇటు నుంచి అటు మార్చుకుంది.

మాణిక్యం నోరు తెరిచింది. “శుక్రవారం నుంచా,” అంది. “అయితే ఆ చెంబు...” అక్కడ ఆగిపోయింది. యాభై ఏళ్ళ కాపురంలో ఆవిడ మాట మధ్యలో ఆగడం నేను చూడలేదు. తిడుతుందని చూశాను. తిట్టలేదు. తువ్వాలు కింద డబ్బాని ఇంకా లోపలికి తోసింది.

గాయత్రి కుళాయి కట్టేసింది. కళ్ళు తుడుచుకుని, నా మొహం చూడకుండా అంది.

“రత్నమాలక్కని తిట్టేం మామ్మా మనం.”

డాక్టరమ్మకి నేనే వెళ్ళి చెప్పాను. ఆముదం సంగతీ, మామిడిపండు సంగతీ కూడా. వరండాలో జనం ఉన్నారు. “గదిలోకి రండి తాతగారూ,” అంది గాని, అక్కడే చెప్పేశాను. లోపలికి వెళ్ళేసరికి మళ్ళీ నోరు పడిపోతుందని భయం.

ఆవిడ కేకలెయ్యలేదు. వేసుంటే బాగుండేది. “నిన్ననే అడిగేను కదండీ,” అంది. “దీనికీ మామిడిపండుకీ, పాలకీ ఏం సంబంధం లేదు. ఆ మాట మీ ఆవిడగారికి నేను చెప్తాను. మీరు మాత్రం వార్డులోకి రాకండి. మీకు పూర్తిగా తగ్గేక కూడా ఇంకో రెండు రోజులు బాబు దగ్గరికి వెళ్ళకూడదు. ఇక్కడ ఇంకా పదిమంది పసిపిల్లలున్నారు. మీరు నిన్నంతా ఆ తలుపు పట్టుకుని నిలబడ్డారు.”

అది నేననుకోలేదు. ఇద్దరు ఆయాలొచ్చి ఆ తలుపూ, గొళ్ళెమూ, మెట్ల కమ్మీ అన్నీ మందేసి తుడిచారు. నేను కింద చెప్పులు విడిచేచోట కూర్చుని చూశాను. రత్నమాల కుర్చీ గుర్తొచ్చింది. తుడుస్తున్నవాళ్ళు నన్నేమీ అనలేదు. వచ్చేపోయేవాళ్ళకి మాత్రం “ఆ ముసలాయనేనండి” అని చెప్పుకుంటున్నారు.

బుధవారం వాడు ఒంటికి పోశాడని మాణిక్యం మెట్లమీంచి అరిచింది. గురువారం రొమ్ము పట్టుకున్నాడంది. శనివారం పంపించేశారు.

ఇంటికొచ్చాక నేను ముందు రత్నమాల ఇంటికి వెళ్ళాను. ఆవిడ వాకిట్లో బట్టలారేస్తోంది. ఊళ్ళో ఈ వారమంతా ఆవిడని ఇద్దరు బాలింతలు గుమ్మంలోంచే పంపేశారని దార్లో కొండలరావు చెప్పాడు. మా మాణిక్యం మాట అక్కడిదాకా పోయింది.

“రత్నమాలా, నా వల్లమ్మా,” అన్నాను. “నీ వల్ల కాదు.”

“ఆయ్. తెలుసండి,” అంది ఆవిడ, తడిబట్ట దులుపుతూ. “గాయత్రి ఫోన్ చేసి చెప్పింది. నాకు చెప్పి ఏం లాభమండి తాతగారూ? నా వల్ల కాదని నాకు ముందే తెలుసు కదా. చెప్పాల్సినోళ్ళకి చెప్పండి.”

ఆ రెండిళ్ళకీ వెళ్ళాను. గుమ్మం బయటే నిలబడి, నాకు విరేచనాలయ్యాయి, దాచాను, మా పిల్లాడికి అంటించాను, రత్నమాలని లోపలికి రానివ్వండి అని చెప్పాను. మొదటి ఇంట్లో పెద్దిరాజు అని నాకంటే చిన్నవాడొకడు, పకపకా నవ్వాడు. “బుల్లబ్బాయి మావ నోరిప్పితే ఈ కబురా!” అన్నాడు. రెండో ఇంట్లో ఆవిడ నేను నిలబడ్డచోట నీళ్ళు చల్లింది. అది సరే.

మాణిక్యం బీరువాలోంచి సబ్బు తీసి కాగితం విప్పింది. గుమ్మం దగ్గర బకెట్టు పక్కనే పెట్టింది. రత్నమాల వచ్చినప్పుడు కుర్చీ వేసి, “కూచోమ్మా,” అంది. అంతకంటే ఏమీ అనలేకపోయింది. రత్నమాల కూర్చోలేదు. నిలబడే బిడ్డని తూచి, అంకె రాసుకుని వెళ్ళిపోయింది. కుర్చీ అలాగే ఉంది.

గాయత్రి నన్ను ఒక్క మాటా అనలేదు. రోజూ పొద్దున్నే నేను గుమ్మం దగ్గరికి రాగానే మాత్రం లోపల్నించి అడుగుతుంది.

“తాతయ్యా, ఇయాల నీ కడుపెలాగుంది?”

పక్కింటివాళ్ళకి వినపడేలాగే అడుగుతుంది. నేనూ వాళ్ళకి వినపడేలాగే చెప్పాలి. “బాగానే ఉందమ్మా,” అంటాను. సబ్బుతో గోళ్ళ సందుల్లో తోముకుంటాను. చేతులు గాలికి ఆరబెట్టుకుంటూ గుమ్మంలో నిలబడతాను. తువ్వాలుకి తుడవడం మానేశాను. ఇదంతా అయ్యేసరికి ఒక్కోసారి వాడు నిద్రపోతాడు. బిడ్డని నా చేతికి అదింకా ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

మూడు వారాలయింది. నిన్న ఎవరో పనసతొనలిస్తే నాలుగు తిన్నాను. ఇవాళ లేవగానే కడుపులో తిప్పింది. ఒకసారి బాత్రూంకి వెళ్ళొచ్చాను. పనసపండే అయ్యుంటుంది. మామూలు సంగతే అయ్యుంటుంది. వాకిట్లో నిలబడ్డాను. అప్పుడే కొండలరావు కర్ర పట్టుకుని వీధి గేటు తీసుకుని వస్తున్నాడు. పక్కింటి పిట్టగోడ మీద ఇద్దరు ఆడవాళ్ళున్నారు. గాయత్రి ఇంకా అడగలేదు.

“అమ్మా గాయత్రీ,” అని కేకేశాను. “నాకు కడుపులో బాగోలేదు. ఒకసారి విరేచనమయింది. నేనివాళ లోపలికి రాను. రేపూ ఎల్లుండీ కూడా రాను.”

పిట్టగోడ మీద ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొండలరావు కర్ర ఆనించి నవ్వడం మొదలుపెట్టాడు. నా చెవులు వేడెక్కాయి. డెబ్భై రెండేళ్ళొచ్చినా ఇది అలవాటయ్యే సంగతి కాదు.

గాయత్రి కిటికీ దగ్గరికొచ్చింది. బిడ్డని భుజాన వేసుకుని ఉంది. నా మొహం చూసింది.

“సరే తాతయ్యా. మజ్జిగ అరుగు మీద పెడతాను. గ్లాసు నువ్వే కడుక్కో,” అంది.

వాడు ఆ భుజం మీంచే ఏడుపు లంకించుకున్నాడు. వీధి చివరికి వినపడేటంత గట్టిగా.

నేను వెనక్కి జరిగి గునపం దగ్గర కూర్చున్నాను.